వ్యయమే రుజువైన పని: మైనింగ్ యంత్రం, దాని వేడి, కర్మఫల ప్రశ్న

బిట్‌కాయిన్ వంటి నాణేల చిట్టాలో కొత్త పుట చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు పడే పోటీని మైనింగ్ అంటారు. యంత్రం ఏదో ఒక అంకెను తీసుకుని, ఆ పుటలోని సమాచారంతో కలిపి ఎస్‌హెచ్‌ఏ-256 అనే సూత్రంలో రెండుసార్లు వేస్తుంది. వచ్చిన ఫలితం, అంటే హ్యాష్, నిర్ణీత హద్దు కన్నా చిన్నదైతే గెలిచినట్టు. కాకపోతే దాన్ని పారేసి మరో అంకె తీసుకుంటుంది. గెలిచిన అంకెకు కూడా బయట ఏ ఉపయోగమూ లేదు. దాన్ని వెతకడానికి విద్యుత్తు నిజంగా ఖర్చయిందని చూపడమే దాని పని. ఖర్చయిందని రుజువు చేయడం తప్ప మరో ఫలితం లేని క్రియను కర్మ అనవచ్చా, దుబారా అనాలా? దానివల్ల పుట్టే వేడికి బాధ్యులెవరు? భారతీయ దర్శనాలు యాగాన్ని, దాని ఫలాన్ని చర్చించేటప్పుడు ఇలాంటి చిక్కునే ఎదుర్కొన్నాయి.

ఈ పద్ధతి మొదట డబ్బు కోసం పుట్టలేదు. చెత్త ఈమెయిళ్లను అరికట్టాలంటే ప్రతి ఉత్తరానికీ పంపేవారి కంప్యూటర్ చేత కొంత లెక్క చేయించాలని 1992లో సింథియా డ్వర్క్, మోనీ నావోర్ ప్రతిపాదించారు. 1997లో ఆడమ్ బ్యాక్ హ్యాష్‌క్యాష్ పేరుతో అలాంటిదే తయారు చేశాడు. సతోషి నకమోతో పేరుతో 2008 అక్టోబర్ 31న వెలువడిన పత్రం ఆ ఆలోచనను నాణేనికి పునాది చేసింది. 2009 జనవరి 3న మొదటి బ్లాక్, అంటే చిట్టాలో మొదటి పుట, పుట్టింది. మామూలు కంప్యూటర్లతో మొదలైన పోటీ 2010లో గ్రాఫిక్స్ కార్డులకు, 2013లో ఆ ఒక్క లెక్క కోసమే చేసిన చిప్‌లకు పాకి, ఇళ్లలోని వాళ్లకు అందకుండా పోయింది. ఎథీరియం అనే మరో నెట్‌వర్క్ మాత్రం 2015 నుంచి 2022 సెప్టెంబర్ దాకా ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డుల మీదే నడిచింది. ఇంట్లో సొంతంగా బిగించుకున్న యంత్రాలు, అంటే రిగ్‌లు, ఆ ఏళ్లలోనే విరివిగా వెలిశాయి.

యంత్రం బిగింపు

మామూలు రిగ్‌లో ఆరు నుంచి ఎనిమిది గ్రాఫిక్స్ కార్డులు, ఒక మదర్‌బోర్డు, చవక ప్రాసెసర్, ఒకటో రెండో పవర్ సప్లైలు ఉంటాయి. మూసి ఉన్న క్యాబినెట్‌లో ఇన్ని కార్డులు పట్టవు, పట్టినా గాలి ఆడదు. అందుకే అల్యూమినియం పట్టీలతోనో చెక్కతోనో నాలుగు వైపులా తెరిచి ఉన్న చట్రం కడతారు. మదర్‌బోర్డు కింద ఉంటుంది, కార్డులు పైన వరుసగా వేలాడతాయి. రెండింటినీ రైజర్ అనే చిన్న పలక, యూఎస్‌బీ తీగ కలుపుతాయి. కార్డుకూ కార్డుకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం వదులుతారు. లేకపోతే ఒక కార్డు వదిలిన వేడిగాలినే పక్క కార్డు పీల్చుకుంటుంది.

బిగింపులో ప్రమాదం ఎక్కువగా ఈ రైజర్ దగ్గరే ఉంది. కార్డు తన స్లాట్ నుంచి 12 వోల్టుల మీద 66 వాట్ల వరకు లాగవచ్చని ప్రమాణం అనుమతిస్తుంది. రైజర్‌కు హార్డ్ డిస్క్ కోసం చేసిన సాటా తీగ తగిలిస్తే, అందులో 12 వోల్టులకు ఉన్నవి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంపియర్లు మోస్తుంది. మొత్తం 54 వాట్లే. ఆ తేడా మొదటి రోజు కనబడదు. రాత్రింబవళ్లు నడిచాక కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, మెత్తబడుతుంది, చివరికి అంటుకుంటుంది. అందుకే తెలిసినవాళ్లు రైజర్‌కు 75 వాట్లు మోసే ఆరు పిన్నుల తీగ ఇస్తారు. ఒక కార్డుకూ దాని రైజర్‌కూ కరెంటు ఒకే పవర్ సప్లై నుంచి వెళ్లేలా చూస్తారు.

చల్లబరచడం అంటే తరలించడం

గోడ సాకెట్ నుంచి రిగ్ తీసుకున్న విద్యుత్తు దాదాపు మొత్తం చివరికి వేడే అవుతుంది. లెక్క గెలిచినా ఓడినా ఇందులో తేడా లేదు. వెయ్యి వాట్ల రిగ్ రోజుకు 24 యూనిట్లు కాలుస్తుంది. ఆ గదిలో వెయ్యి వాట్ల హీటర్‌ను ఆపకుండా వేసి ఉంచినా అంతే వేడి పుడుతుంది. 1961లో రోల్ఫ్ లాండావర్ ఒక బిట్ సమాచారాన్ని చెరిపితే ఇంత వేడి పుట్టక తప్పదని భౌతికశాస్త్రం వైపు నుంచి ఒక కనిష్ఠ హద్దు చూపించాడు. నేటి చిప్‌లు ఆ హద్దుకు ఎన్నో రెట్లు పైన ఉన్నాయి కాబట్టి వేడిని తగ్గించే అవకాశం ఇంకా ఉంది. పూర్తిగా లేకుండా చేయడం మాత్రం సాధ్యం కాదు.

తగ్గించే మార్గాలలో మొదటిది వోల్టేజి కోత. చిప్ వాడే శక్తి వోల్టేజి వర్గానికి అనుపాతంలో ఉంటుంది కనుక, వోల్టేజిని పది శాతం దించితే ఖర్చు సుమారు 19 శాతం పడిపోతుంది. ఎథీరియం లెక్క ప్రాసెసింగ్ వేగం కన్నా మెమరీ వేగం మీద ఎక్కువ ఆధారపడేది. అందువల్ల కార్డు కోర్ వేగాన్ని దించినా ఆదాయం పెద్దగా తగ్గేది కాదు. అదే కారణంగా మెమరీ చిప్‌లు మాత్రం బాగా కాగేవి. జీడీడీఆర్6ఎక్స్ మెమరీ ఉన్న కార్డులు 110 డిగ్రీలకు చేరగానే తమంతట తామే వేగం తగ్గించుకునేవి. కార్డు విప్పి మెమరీ మీది థర్మల్ ప్యాడ్‌లు మార్చడం ఇళ్లలో మైనింగ్ చేసేవాళ్లకు మామూలు పని అయింది.

ఆపైన మిగిలింది గాలి. వెయ్యి వాట్ల వేడిని పది డిగ్రీల పెరుగుదలతో బయటికి పంపాలంటే గంటకు దాదాపు 300 ఘనమీటర్ల గాలి కదలాలి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో గంటకు పదిసార్లు గాలి పూర్తిగా మారడమన్నమాట. ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా కార్డు బయటి గాలి కన్నా చల్లబడదు. మే నెల రెంటచింతల వేడిలో లోపలికి వచ్చే గాలే 45 డిగ్రీలుంటే ఫ్యాన్లు చేయగలిగింది తక్కువ. ఏసీ పెడితే వెయ్యి వాట్ల వేడిని తోడడానికి అది మరో 300 వాట్లకు పైగా తీసుకుని, రెండింటినీ కలిపి వీధిలోకి వదులుతుంది. కార్డులను విద్యుత్తు ప్రసరించని నూనెలో ముంచే పద్ధతిలో ఫ్యాన్ల రొద పోతుంది, వేడి మాత్రం నూనె నుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి గాలికి చేరుతుంది. చల్లబరిచే ప్రతి ఉపాయమూ వేడిని చోటు మారుస్తుందే గాని మాయం చేయదు. నైతిక విచారణకు ఈ భౌతిక సత్యమే ఆధారం: వేడి ఎటు వెళ్లిందో, ఎవరి మీద పడిందో అడగకుండా తీర్పు చెప్పడం కుదరదు.

దృష్టం, అదృష్టం, నియమం

దుబారా అన్న ఆరోపణను పరీక్షించడానికి పూర్వమీమాంస ఒక పనిముట్టు ఇస్తుంది. యాగంలో వాడే వడ్లకు పొట్టు తీయాలి. గోళ్లతో ఒలిచినా పొట్టు పోతుంది. అయినా దంచే తీయాలని విధి చెబుతుంది. పొట్టు పోవడం కంటికి కనిపించే ప్రయోజనం, దృష్టం. ఇతర మార్గాలు వదిలి దంచడాన్నే పాటించడం వల్ల కనిపించని ప్రయోజనం, అదృష్టం, కలుగుతుందని మీమాంసకులు ఒప్పుకున్నారు. దాన్ని నియమాదృష్టం అన్నారు. అయితే దృష్టప్రయోజనం దొరికిన చోట అదృష్టాన్ని కల్పించకూడదన్నది కూడా వారి కట్టుబాటే.

మైనింగ్‌ను ఈ గీటురాయి మీద పెట్టి చూడవచ్చు. చిట్టాలో పుటలు వరుసగా చేరడం దృష్టప్రయోజనం. ఒక సంస్థ సర్వర్ ఆ పనిని అతి తక్కువ విద్యుత్తుతో చేయగలదు. అయినా కాల్చే చేయాలన్న నియమం ఎందుకు? దీనికి అదృష్టాన్ని ఆశ్రయించనక్కర్లేదు. పాత పుటను దిద్దాలనుకున్నవాడు ఆ పుట నుంచి నేటిదాకా ఖర్చయిన పనంతా మళ్లీ చేయాలి. పెత్తందారు లేని చిట్టాకు ఆ ఖర్చే కాపలా. కాబట్టి ఇది నిష్ఫలమైన క్రియ అన్న ఆరోపణ యథాతథంగా నిలవదు. దాని ఫలం ఏ ఒక్క లెక్కలోనూ లేదు, అన్ని లెక్కల మొత్తంలో ఉంది.

ఇదే శ్రమతో లోకానికి పనికొచ్చే లెక్కలు చేయించవచ్చు కదా అన్నది తరువాతి ప్రశ్న. 2013లో వచ్చిన ప్రైమ్‌కాయిన్ ప్రధాన సంఖ్యల గొలుసులు వెతికించి ఆ దారి తొక్కింది. దీని మీద ఒక గట్టి ఆక్షేపణ ఉంది. లెక్కకు విడిగా విలువ ఉంటే, మోసానికి ప్రయత్నించి ఓడినవాడికి కూడా ఆ విలువ దక్కుతుంది, వాడి నష్టం ఆ మేరకు తగ్గుతుంది. వేరే దేనికీ పనికిరాకపోవడమే ఈ పనికి బలమని ఈ వాదం సారాంశం. ప్రయోజనాన్ని బట్టి పనిని తూచే అలవాటుకు ఇది కొరుకుడు పడని సంగతి.

పోయిన శ్రమ, రాని ఫలం

కర్మ సిద్ధాంతం రెండు దోషాలను తప్పించాలని చూస్తుంది. చేసినదాని ఫలం నశించిపోవడం కృతహాని. చేయనిదాని ఫలం వచ్చి పడడం అకృతాభ్యాగమం. ఒంటరిగా నడిచే రిగ్‌లో ఈ రెండు దోషాలూ నిత్యకృత్యాలు. ప్రతి ప్రయత్నమూ స్వతంత్రం. నిన్నటిదాకా వేసిన కోట్ల అంకెలు నేటి అవకాశాన్ని రవ్వంత కూడా పెంచవు. ఏడాది నడిచిన యంత్రానికి ఏమీ రాకపోవచ్చు, ఈ ఉదయం తగిలించినదానికి మధ్యాహ్నానికే బ్లాక్ దొరకవచ్చు.

2010 చివర్లో మొదలైన మైనింగ్ పూల్ ఈ లోపాన్ని సరిదిద్దింది. పూల్‌లో చేరిన యంత్రం అసలు హద్దు కన్నా సులువైన హద్దును దాటిన ప్రతిసారీ ఒక షేర్ సమర్పిస్తుంది. ఆ షేర్ అసలు హద్దును కూడా దాటిన అరుదైన సందర్భం తప్పిస్తే నెట్‌వర్క్‌కు దానితో పని లేదు. అది శ్రమ జరిగిందన్న గుర్తుగా లెక్కలో నిలిచి, పూల్‌లో ఎవరికో బ్లాక్ దొరికినప్పుడు దామాషా ప్రకారం ఫలాన్నిస్తుంది. మీమాంసకుల అపూర్వ భావన నిర్మాణంలో దీనికి చాలా దగ్గరగా ఉంది. యాగం కొద్ది సమయంలో ముగిసిపోతుంది, స్వర్గం ఎప్పుడో వస్తుంది. ముగిసిన క్రియనూ రాబోయే ఫలాన్నీ కలిపే శక్తి ఒకటి మధ్యలో నిలవాలి గనుక వారు అపూర్వాన్ని అంగీకరించారు.

పోలిక ఒక చోట తెగిపోతుంది, ఆ తెగేచోటే పాఠం ఉంది. మీమాంసలో అపూర్వం ఫలమివ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అచేతనమైన కర్మ తనంత తాను ఫలాన్ని పంచలేదని, పంచేందుకు ఈశ్వరుడు కావాలని న్యాయ దర్శనం వారు, అంటే నైయాయికులు, వాదించారు. మధ్యవర్తి లేని డబ్బు కోసం పుట్టిన బిట్‌కాయిన్ మొదటి వర్గంలోది. షేర్లను లెక్కగట్టి పంచే పూల్ నిర్వాహకుడు మాత్రం రెండో వర్గం ఊహించిన ఫలదాత, కాకపోతే తప్పులు చేయగల మనిషి. ఎవరినీ నమ్మనక్కర్లేని వ్యవస్థలో న్యాయమైన పంపకం కావాలనుకోగానే నమ్మకం మళ్లీ అవసరమైంది.

వేడి ఎవరి మీద పడుతుంది

బిట్‌కాయిన్‌లో 2016 బ్లాక్‌లకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకు, లెక్క కష్టం మారుతుంది. యంత్రాలు పెరిగితే కష్టం పెరిగి బ్లాక్‌కు పది నిమిషాల సగటు నిలుస్తుంది. అందువల్ల కొత్త రిగ్ చేరినంత మాత్రాన నాణేల పుట్టుక పెరగదు, ఉన్న ఫలంలో వాటాలు మారతాయి. ఒకరు కార్డులను బాగా చల్లబరిచి మిగుల్చుకున్న విద్యుత్తు లోకానికి మిగలకపోవచ్చు. లాభం ఉన్నంతవరకు ఆ జాగాలోకి మరో యంత్రం వస్తుంది. వ్యక్తి పొదుపు సమష్టి పొదుపు కాకపోవడం ఇక్కడి నైతిక చిక్కు. కరెంటు కోతలతో సతమతమైన ఇరాన్ 2021 మేలో మైనింగ్‌ను కొన్ని నెలలు నిలిపివేసింది. విద్యుత్ సంక్షోభంలో ఉన్న కొసావో 2022 జనవరిలో నిషేధించింది. రెండు చోట్లా ప్రభుత్వాలు చూసింది పక్కింటి దీపాన్ని. భారత ఆదాయపు పన్ను చట్టం 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను వేస్తూ, మైనింగ్ పరికరాల ఖర్చును కొనుగోలు ధర కింద మినహాయించడానికి ఒప్పుకోలేదు. నెట్‌వర్క్ రుజువుగా తీసుకునే వ్యయం పన్ను అధికారికి వ్యయం కిందికి రాదు.

అదే వేడి చోటు మారితే విలువ మారుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన కర్నో సంస్థ 2018లో రెండు గ్రాఫిక్స్ కార్డులున్న గది హీటర్‌ను అమ్మకానికి పెట్టింది. విద్యుత్ హీటర్ ఎలాగూ వేయవలసిన శీతల దేశపు ఇంట్లో ఇలాంటి యంత్రం అదనంగా కాల్చేది ఏమీ లేదు, లెక్క ఉచితంగా జరిగినట్టే. అదే ఇంట్లో హీట్ పంప్ ఉంటే సుమారు మూడో వంతు విద్యుత్తుతోనే అంత వెచ్చదనం వచ్చేది కనుక, ఆ సమర్థన కూడా షరతులతో కూడినదే. ఎండాకాలపు విజయవాడలో అయితే అదే వేడి ఏసీకి పని పెంచి, పక్కింటి కిటికీకి సెగ చేరుస్తుంది.

2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్‌ను వదిలి, నాణేలను తాకట్టు పెట్టే పద్ధతికి మారింది. దాని విద్యుత్ వినియోగం 99 శాతానికి పైగా పడిపోయింది. మోసగాడికి నష్టం కలిగించాలంటే కాల్చడం తప్పనిసరి కాదని, పణంగా పెట్టించినా చాలునని ఆ మార్పు చూపింది. ఈ పద్ధతిలో ధనం ఎక్కువ ఉన్నవాడికే మాట ఎక్కువ చెల్లుతుందని, బయటి ప్రపంచపు ఖర్చు లేని రుజువు బలహీనమని బిట్‌కాయిన్ పక్షం వాదిస్తుంది. వాదం ఇంకా తెగలేదు. అయితే దంచడాన్ని విధించింది వేదం కనుక మీమాంసకుడికి మరో మార్గం లేదు. కాల్చడాన్ని విధించినవారు మనుషులు కనుక, తేలికైన దారి కనిపించిన ప్రతిసారీ ఆ నియమం తనను తాను మళ్లీ సమర్థించుకోవాలి.

ఆ వాదం తెగేదాకా ఇంటి రిగ్ విషయంలో తీర్పు మూడు అంచెలుగా నిలుస్తుంది. చిట్టాకు కాపలాగా చూస్తే అది నిష్ఫలమైన పని కాదు. యజమాని పొదుపు చేసినంత మాత్రాన ధర్మం నెరవేరినట్టూ కాదు, ఎందుకంటే కష్టం పెరిగి ఆ పొదుపును మింగేస్తుంది. ఇక మిగిలింది వేడి. దాన్ని కోరుకునే చోటికి చేర్చినవాడి పనికీ, వద్దనే వాళ్ల మీదికి తోసినవాడి పనికీ హ్యాష్‌లో తేడా కనిపించదు, నైతికంగా ఉన్న తేడా మాత్రం అదే.