పలాయనము – ప్రాయశ్చిత్తము

నేరము చేసినవాడు చెరసాల గోడను దాటిపోవచ్చును. తాను చేసిన కర్మను దాటిపోగలడా? చిత్తూరునకు పొరుగున నున్న వేలూరు ప్రాంతమున పుట్టిన యొకని వృత్తాంతము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

గౌరీశంకరుడను నతడు మద్రాసు నగరమున ఆటో నడపుటచే ‘ఆటో శంకర్’ అని పేరుపడెను. 1988, 1989 సంవత్సరములలో జరిగిన ఆరు హత్యలకై అతనిపై నేరము మోపబడెను. విచారణలో నుండగా 1990 ఆగస్టులో మద్రాసు కేంద్ర కారాగారమునుండి తప్పించుకొని, ఒడిశాలోని రూర్కెలాలో మరల పట్టుబడెను. 1991 మే నెలలో న్యాయస్థానము మరణశిక్ష విధించెను. 1995 ఏప్రిల్ 27వ తేదీన సేలము కారాగారమున ఉరితీయబడెను.

గోడ దాటుట అతని మొదటి పలాయనము మాత్రమే. సినిమాలు తన్ను చెడగొట్టినవని యొకమారు, రాజకీయ నాయకుల కొఱకు చేసితినని మరియొకమారు అతడు చెప్పినట్లు లోకమున ప్రచారమైనది. అందు కొంత నిజము ఉండవచ్చును. చేయించినవానికిని, ప్రేరేపించినవానికిని, ఆమోదించినవానికిని పాపమున భాగము కలదని పెద్దలు చెప్పుదురు. అయినను భాగస్థులు పెరిగినంత మాత్రమున కర్త భాగము తరుగదు. నెపము చెప్పుట రెండవ పలాయనము. రూర్కెలాకు పోయినవానిని రక్షకభటులు పట్టి తేగలరు. నెపము వెనుక దాగినవానిని పట్టి తేగలవాడు తాను తప్ప వేరొకడు లేడు.

మహాభారతము శాంతిపర్వమున వ్యాసులవారు ధర్మరాజునకు చెప్పిన లిఖితుని కథ దీనికి ప్రతిపక్షము. అన్నయగు శంఖుడు లేని వేళ, లిఖితుడు ఆతని ఆశ్రమమున పండ్లు కోసి తినెను. అది చౌర్యమని శంఖుడనగా, “అన్న చెట్టే కదా” యని లిఖితుడు వాదింపలేదు. రాజును తీసికొని రమ్మని చెప్పలేదు. తానే నడచి సుద్యుమ్న మహారాజు కడకు పోయెను. దండించు అధికారమున్నట్లే క్షమించు అధికారమును తనకు కలదని రాజు పలికినను దండననే కోరెను. చేతులు ఖండింపబడెను. పిదప అన్న ఆనతిచే బాహుదానదిలో మునిగి తర్పణము చేయబోగా, చేతులు మరల మొలిచెను. కాణిపాకము చెంత పారు బాహుద ఆ నదియే యని స్థలపురాణము.

“అన్నా, నీకింత తపశ్శక్తి యుండగా మొదటనే నన్నేల పావనుని చేయవైతివి?” అని లిఖితుడడిగెను. దండించుట రాజధర్మమే కాని తనది కాదని శంఖుడు బదులిచ్చెను.

సర్వపాపహరుడగు శ్రీనివాసుడు కొండపై నుండగా దండన యెందులకని కొందరందురు. శరణాగతికి ఆరంగములు కలవు. వానిలో కార్పణ్యమొకటి, అనగా తనకు వేరు గతి లేదని, చెప్పుకొనుటకు నెపమును లేదని ఒప్పుకొనుట. తలనీలములిచ్చి, ముడుపు చెల్లించి, కొండ దిగివచ్చి తన తప్పును మరియొకనిపై మోపువాడు ఇంకను పరుగెత్తుచునే యున్నాడు. హతుల యిండ్లలో కన్నీరు కార్చు తల్లులును ఆ స్వామి బిడ్డలే కదా! వారి ఎదుట తలవంచనివాని తల స్వామి ఎదుట వంగినదని ఎట్లు చెప్పవచ్చును?

రాజదండనము పొందినవాడు పాపవిముక్తుడగునని మనుధర్మశాస్త్రము. సేలములో ఉరికంబమెక్కినవాడు ఆ దండనను లోలోన ఎంతవరకు అంగీకరించెనో అంతర్యామికే తెలియును. హత్య చేయనివారికిని ఈ విచారము అవసరమే. తూకమున తగ్గించినవాడు, తమ్ముని భాగము దాచుకొన్నవాడు, అప్పు లేదని బొంకినవాడు బాహుదను వెదకుచు పోనక్కరలేదు. ఎవరికి తప్పు చేసెనో వారి గుమ్మమునకు తానే నడచిపోయిన చాలును.