సిఫారసు ఎవరి కోసం?

శుక్రవారం జుమా నమాజ్ ముగిశాక మా మస్జిద్ ఎదుట ఉన్న టీ కొట్టు దగ్గర ఓ అరగంట బైఠక్ జరుగుతుంది. దానికి అధ్యక్షుడు లేడు, తీర్మానాల పుస్తకమూ లేదు. అటుగా వెళ్తున్న వార్డు కౌన్సిలర్ స్కూటర్ ఆపి కూర్చుంటారు. (నిజానికి కౌన్సిలర్ ఆయన భార్య. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు కేటాయించారు గాని, టీ కొట్టు దగ్గరి కుర్చీ మాత్రం ఇంకా భర్తలదే.) అప్పుడప్పుడు మున్సిపాలిటీ ఇంజినీరు కూడా వస్తారు. మంచినీళ్లు, మురుగుకాలువ, ఖబ్రస్తాన్ ప్రహరీ గోడ, వెలగని వీధి దీపం అన్నీ మాటల్లోకి వస్తాయి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి నెలల తరబడి తిరిగినా కాని పని, ఇక్కడ ఒక్క కప్పు టీతో అయిపోవడం మనలో చాలామంది చూసిందే.

ఈమధ్య డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు నన్ను నిలదీశాడు. "హజ్రత్, డబ్బు చేతులు మారలేదు గాని ఇదీ ఒక రకం లంచమే కదా? తెలిసినవాళ్ల పని అవుతోంది. తెలియనివాళ్లు వరుసలో నిలబడుతున్నారు." నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అందుకు నా సొంత కారణం ఒకటుంది, తర్వాత చెబుతాను.

ముందుగా ఒక మాట. అధికారి, ప్రజలు అడ్డుగోడ లేకుండా కలుసుకోవడం తప్పు కాదు సరికదా, అది ఇస్లాం కోరే విషయం. దైవప్రవక్త (స) వాకిట ద్వారపాలకులు ఉండేవారు కాదు. మదీనాలోని ఒక సామాన్య దాసి ఆయన చేయి పట్టుకుని తన అవసరం ఉన్న చోటికి తీసుకువెళ్లగలిగేదని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ప్రజల వ్యవహారాల బాధ్యత చేపట్టినవాడు వారి అవసరాలకు తలుపు మూసుకుంటే, అల్లాహ్ కూడా అతని అవసరానికి తలుపు మూస్తాడన్న హదీసును హజ్రత్ అబూ మర్యమ్ (రజి) స్వయంగా హజ్రత్ ముఆవియా (రజి) ముందుంచారు. అది విని ఆయన ప్రజల అవసరాలు తెలుసుకోవడానికే ఒక మనిషిని నియమించారు. ఇది అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది.

నడివీధిలో జరిగిన ఒక సంభాషణను కూడా తఫ్సీర్ గ్రంథాలు మనకు అందించాయి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కొందరితో కలిసి వెళ్తుండగా ఒక వృద్ధురాలు ఆయన్ని ఆపింది. ఆయన తల వంచి నిలబడి, ఆమె చెప్పదలచుకున్నది పూర్తయ్యేదాకా విన్నారు. ఒక ముసలమ్మ కోసం ఖురైషు పెద్దలను ఇంతసేపు నిలబెట్టారేమిటని వెంట ఉన్న ఒకతను అడిగాడు. ఆమె హజ్రత్ ఖౌలా బిన్తె సాలబా (రజి) అని, ఆమె మొరను అల్లాహ్ ఏడు ఆకాశాల పైనుంచి ఆలకించాడని, ఆమె రాత్రి దాకా మాట్లాడినా నమాజు కోసం తప్ప తాను కదిలేవాణ్ణి కానని ఉమర్ (రజి) బదులిచ్చారు. ముజాదలా సూరా తొలి ఆయతులు ఆ మహిళ మొర గురించి అవతరించినవే. ఇక్కడ ఒక విషయం చూడండి. ఆ రోజు వీధిలో ఎదురుచూస్తూ నిలబడింది పెద్దలు, మాట్లాడింది ముసలమ్మ. మన బైఠక్‌లో మాట్లాడేది పెద్దలు. ముసలమ్మ అసలు అక్కడికే రాదు.

కుర్రవాడి ప్రశ్నలోని పదును సరిగ్గా ఇక్కడే ఉంది. సిఫారసు అన్నది దానంతటదే పాపమూ కాదు, పుణ్యమూ కాదు. మంచికి సిఫారసు చేసినవాడికి అందులో భాగం ఉంటుందని, చెడుకు సిఫారసు చేసినవాడు దాని భారంలో వంతు మోస్తాడని నిసా సూరా 85వ ఆయతు తెలుపుతోంది. అంటే మనం ఓ మాట చెప్పి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ఆ మాటతో జరిగిన దానిలో మనకూ ఖాతా ఉంటుంది. దొంగతనం చేసిన ఒక మఖ్జూమీ స్త్రీ తరఫున సిఫారసుకు ఖురైషీయులు ఎంచుకున్నది ప్రవక్త (స)కు ఎంతో ప్రీతిపాత్రుడైన హజ్రత్ ఉసామా (రజి)నే. ఆ సిఫారసుకు ప్రవక్త (స) ఆగ్రహించారు. ఇష్టమైనవాడు అడిగాడన్న కారణంగా న్యాయం తన చోటు మారలేదు.

మన హక్కు మనకు అందకపోతే అడగడంలో దోషం లేదు. నోరులేనివాడి హక్కు కోసం అడగడం సదకా. కాని ఒకరి వంతును మనవైపు తిప్పమని అడగడం, అది ఎంత తియ్యగా అడిగినా, ఎంత మంచి పనికి అడిగినా, జుల్మ్. చిక్కంతా ఏమిటంటే, అడిగేటప్పుడు ఈ మూడింటిలో మనది ఏదో మనకే తెలియకపోవచ్చు.

ఇక నా సంగతి. పోయిన ఎండాకాలం మా మొహల్లాలో కొత్త పైపులైను వేశారు. వీధి కొళాయిలు కొన్నే వచ్చాయి. బైఠక్‌లో నేను మదరసా గేటు దగ్గర ఒకటి ఇప్పించమని అడిగాను. హాస్టల్లో అరవై మంది పిల్లలున్నారు, వుజూకు నీళ్లు చాలడం లేదు. వారం తిరక్కుండానే కొళాయి వచ్చింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను. నెల తర్వాత వెనక సందులో ఉండే ఒక వితంతువు, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, రెండు బిందెలతో గేటు దగ్గర నిలబడింది. "బేటా, పిల్లలు వుజూ చేసుకున్నాక మిగిలితే పట్టుకోనా? మా సందు మూలకు పెడతామన్న కొళాయి ఇటు మార్చారట" అంది. ఫిర్యాదుగా కూడా అనలేదు. ఆ విషయం నాకు తెలియదన్నది నిజం. అడుగుతున్నప్పుడు ఇది ఎవరి వంతు అని నేను విచారించలేదన్నదీ నిజమే.

ఆ రాత్రి అబస సూరా గుర్తుకొచ్చింది. ప్రవక్త (స) ఖురైషు నాయకులకు సత్యం బోధిస్తూ ఉన్నారు. అందులో స్వార్థం లేశమైనా లేదు. అయినా అదే సమయంలో వచ్చిన అంధుడు హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వైపు ముఖం తిప్పలేదని అల్లాహ్ హెచ్చరించాడు. తర్వాతి కాలంలో మదీనా విడిచి వెళ్లినప్పుడు ప్రవక్త (స) ఆయన్నే తన స్థానంలో నిలిపిన సందర్భాలున్నాయి. పని మంచిదే కదా అని నన్ను నేను సమర్థించుకోబోతే ఈ సూరా అడ్డం వచ్చింది. ఒక నష్టాన్ని అలాంటి మరో నష్టంతో తొలగించరాదన్నది ఫిఖ్‌హ్ సూత్రాల్లో ఒకటి. ఉస్మానియా పాలకులు 1869-1876 మధ్య కూర్పు చేయించిన మజల్లాలో కూడా అది ఉంది. నేను పిల్లలకు పాఠం చెప్పే సూత్రమే అది!

కుర్రవాణ్ణి పిలిచి నా సంగతంతా చెప్పాను. బైఠక్ మానేద్దామా అన్నాడు. వద్దన్నాను. మానేస్తే పెద్దలు ఎలాగూ ఇళ్లకు పిలిపించుకుని మాట్లాడతారు, అప్పుడు వినేవాళ్లు కూడా ఉండరు. అతనే ఇంకో దారి చూపాడు. అనుకున్నది అనుకున్నట్టు కాగితం మీద పెట్టి, ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఏ పని ఎక్కడికి మంజూరైంది, ఎందుకు మారింది అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు. అప్పు విషయంలోనే రాసుకోమన్న దీన్ మనది, పదిమంది నీళ్ల విషయంలో నోటిమాటతో ఎందుకు సరిపెట్టుకోవాలి అన్నాడు. డిగ్రీ కుర్రవాడు మౌల్వీకి పాఠం చెప్పడం నాకు సంతోషంగానే అనిపించింది.

తర్వాతి శుక్రవారం కౌన్సిలర్ భర్తతో ఈసారి మేడమ్‌ని కూడా తీసుకురమ్మని చెప్పాం. ఆమె వచ్చారు. సందులోని ఆడవాళ్లు కొట్టు దగ్గరికి రావడానికి మొహమాటపడితే, ఆమే లేచి ఖాలా ఇంటి అరుగు మీద కూర్చుని విన్నారు. నేను దూరంగానే ఉన్నాను. సందు పేరుతో రాసిన అర్జీ మీద మొదటి వేలిముద్ర ఖాలాది.

సందు మూలన కొళాయి ఇంకా పడలేదు. రసీదు కుర్రవాడి దగ్గర ఉంది, వచ్చే సోమవారం మళ్లీ వెళ్తాం. అప్పటిదాకా ఫజ్ర్ తర్వాత ఒక గంట, అస్ర్ తర్వాత ఒక గంట మదరసా కొళాయి వెనక సందుదే.