గని కార్మిక శరణుల ప్రశ్నలు – సమాధానములు



గోదావరిఖని, రామగుండము ప్రాంతములలోని వీరశైవ కుటుంబములవారు సత్సంగములలో అడుగు ప్రశ్నలు గ్రంథములలో కనుపించు ప్రశ్నలవలె నుండవు. షట్‌స్థలములను గూర్చియు, లింగాంగ సామరస్యమును గూర్చియు అడుగువారు కొందరు కలరు. ఎక్కువమంది అడుగునది మాత్రము రాత్రి షిఫ్టును గూర్చి, మస్టరును గూర్చి, కుమారుని ఉద్యోగమును గూర్చి. ఇవి లౌకిక విషయములనియు, పీఠమునుండి చెప్పదగినవి కావనియు తలచువారున్నారు. వారితో మేము ఏకీభవింపజాలము. బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని భండారమునకు లెక్క చెప్పవలసిన ఉద్యోగి. ఆయన చుట్టును చేరినవారు బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, కట్టెలమ్ము మారయ్య. పనిముట్టు చేతబట్టినవారి ప్రశ్నల నడుమనే ఆ ధర్మము పెరిగినది. శివభక్తుల చరిత్రలను ద్విపదలో పాడి తెలుగువారికి అందించిన పాల్కురికి సోమనాథుడును మన ఓరుగల్లు సీమవాడే.

ఇల్లందు ప్రాంతమున 1889లో మొదలైన బొగ్గు త్రవ్వకము గోదావరి యొడ్డునకు వచ్చునప్పటికి ఇంచుమించు 1960 అయినది. నాటి యువకులు నేడు తాతలు. మూడు తరములుగా భూమి క్రిందికి దిగివచ్చు కుటుంబములు ఇచ్చట కలవు. వారు అడిగిన ప్రశ్నలలో కొన్నింటిని, మాకు తోచిన సమాధానములను ఇందు వ్రాయుచున్నాము. అడిగినవారి పేర్లు వ్రాయలేదు. ఒక్కొక్క ప్రశ్నయు పదిమందిదిగా నున్నది.

“రాత్రి షిఫ్టు ముగించి యిల్లు చేరునప్పటికి ఒళ్లంతయు బొగ్గు, కన్నులనిండ నిద్ర. ఇష్టలింగ పూజ ఎప్పుడు చేయవలెను? ఒంటిమీద బొగ్గు ఉండగా లింగమును తాకవచ్చునా?”

బొగ్గు మైల కాదు. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి – ఈ ఐదింటివలన కలుగునని లోకము చెప్పు సూతకములు లింగధారికి లేవని త్రోసివేసిన సంప్రదాయము మనది. అట్టి సంప్రదాయము పనివలన అంటిన ధూళిని మైల యనునా? స్నానము చేయుడు; అది శరీరమునకు మంచిది, ఇంటి దుప్పట్లకును మంచిది. కాలమును గూర్చి బెంగ వలదు. మీకు తెల్లవారునది ఎప్పుడు నిద్ర లేచినచో అప్పుడే. త్రాళ్లు పేను నులియ చందయ్య కథను వినియే యుందురు. చెరువులో గడ్డి కోయుచుండగా ఆయన కంఠమునుండి లింగము జారిపడినది. జంగమ దాసోహమునకు వేళ మించునని ఆయన దానిని తీసికొనక తన మోపు ఎత్తుకొని నడచెను. లింగమే ఆయన వెంటబడినదని శరణులు చెప్పుకొనిరి. ఈ కథను పూజ మానుటకు సాకుగా చెప్పువారు లేకపోలేదు. చందయ్య పని మానలేదు, దాసోహము మానలేదు. సాకు చెప్పువారు ఏది చేయుచున్నారో వారికే తెలియవలెను.

“మస్టరు పడిన తరువాత పని చేయక ఒక మూల కూర్చుండి షిఫ్టు గడపువారు మాలో ఉన్నారు. కంపెనీ పెద్దది, ఒకనివలన దానికి వచ్చు నష్టమేమి అందురు. ఇది దోషమా?”

ఐదక్కి మారయ్య కాయకము, శరణుల వాకిళ్లలో రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట. ఒకనాడు ఆయన ప్రతిదినము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ చేటలోనికి చూచి, ఇది మన కొలత కాదనియు, తిరిగి తీసికొనిపోయి అక్కడనే పోసి రమ్మనియు పంపివేసినది. ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. మారయ్య దొంగిలింపలేదు. నేలమీద ఉన్న గింజలు, ఏరుకొనుటకు ఆయనకు అనుమతియు ఉన్నది. అయినను ఆమె ఒప్పుకొనలేదు. మస్టరు దొంగతనమా కాదా యని వాదించువారు ఈ కథ వద్ద ఆగవలెను. తమ శ్రమకు తగినది కానిది ఇంటిలోనికి వచ్చినదని ఆమెకు తెలిసినది, అంతే చాలినది.

ఇక కంపెనీకి నష్టమేమి యన్న మాట. నష్టము మొదట కంపెనీకి రాదు. మీరు ఎత్తని బరువు మీ జోడీవాని భుజముమీద పడును. మీరు నిలుపవలసిన దిమ్మె నిలుపనిచో తరువాతి షిఫ్టువాడు ఆ కప్పు క్రింద నిలుచుండును. అతడు మీకు ఎదురింటివాడు కావచ్చును.

మనుష్య స్వభావమును గూర్చి ఒక వృద్ధ కార్మికుడు అడిగిన ప్రశ్న మమ్ములను చాలకాలము ఆలోచింపజేసినది. “గని లోపల ఒకనిపై కప్పు పెళ్ల పడినచో, కులము అడుగక, ప్రాణమునకు వెరవక పదిమంది పరుగెత్తుదురు. ఒకే డబ్బాలోని అన్నమును పంచుకొందురు. ఆ పదిమందియే పైకి వచ్చిన తరువాత క్వార్టర్ల వద్ద నీళ్ల కొళాయికై తగవులాడుదురు. పెండ్లి మాట వచ్చినచో ఉపశాఖలు లెక్కింతురు. వీరిలో ఏ మనిషి నిజము?”

ఇద్దరును నిజమే. లోపల టోపీ దీపపు వెలుతురులో అందరి ముఖములును ఒక్క నలుపు. పక్కవాని ఊపిరి తనకు అవసరమని ప్రతివానికి తెలియును. పైకి రాగానే ఆ అవసరము కనబడదు, మరుగున పడును. మనిషి మంచితనము ఆపద ఉన్నంతవరకే యని దీనినిబట్టి అనుట తేలిక. మేము అట్లు అనము. ఆపదలో కనబడిన గుణము లేనిచోటనుండి వచ్చినది కాదు. కాని పైన దానిని నిలుపుకొనుట లోపలకంటె కష్టమని ఒప్పుకొనవలెను. కల్యాణములో జరిగినదియు అదియే. అనుభవ మంటపమున అందరును కలిసి కూర్చుండినంతకాలము రాజ్యము సహించినది. బ్రాహ్మణకులమున పుట్టిన మధువరసుని కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికి ఇచ్చి పెండ్లి చేయగనే ఆ ఇద్దరు తండ్రులకును మరణదండన పడినది. కూర్చుండుటకు ఒప్పుకొన్న లోకము వియ్యమునకు ఒప్పుకొనలేదు. మన కుటుంబములలో జంగమ, బలిజ యని సంబంధములను త్రోసిపుచ్చువారు, తాము ఆ కథలో ఎవరి పక్షమున నున్నారో చూచుకొందురు గాక.

ఒక యువకుడు చాల మెల్లగా అడిగెను. “గనిలో పోయినవారిది పూర్వజన్మ పాపమని మా బంధువులు అనిరి. నిజమేనా?”

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిన సంగతి ఇచ్చట మరచినవారు లేరు. పదిహేడు ఇండ్లలో దీపములు ఆరినవి. ఆ పదిహేడుగురును ఒకే పాపము చేసి ఒకే షిఫ్టునకు వచ్చిరని చెప్పగలవారు ఎవరు? పరామర్శకు పోయి తలవ్రాత యని చెప్పుట సానుభూతివలె కనబడును. నిజమునకు అది చచ్చినవానిపై నేరము మోపుట. గనులలో ఇట్టి ప్రమాదములు జరిగినప్పుడు కారణమును విచారించుటకు 1952 నాటి గనుల చట్టమే ఏర్పాటు చేసినది. తలవ్రాతను చట్టమే అంగీకరింపనిది, కాయకమును దైవకార్యముగా నెంచిన శరణుడు ఎట్లు అంగీకరించును?

సర్దారు కర్రతో కప్పును కొట్టి వినుట మీరు నిత్యము చూచెదరు. గట్టి శబ్దము వచ్చినచో నమ్మిక. డొల్ల శబ్దము వచ్చినచో జనులను వెనుకకు పిలుచును. డొల్ల వినియు పలుకకున్నచో అటుపిమ్మట జరిగినదానిని విధి యనుట అసత్యము. ఆ మాట చెప్పుటకు జంకవలదు, తోటివాడు చెప్పినప్పుడు నవ్వవలదు. ఆ యువకునికి మేము చెప్పినది ఇంతే: నీ తండ్రి పని చేయుచు పోయినాడు. అందు పాపము ఏదియు లేదు.

దాసోహమునకు జీతములో ఎంత భాగము తీయవలెనని కొందరు గృహిణులు అడిగిరి. వడ్డీ వ్యాపారి వాకిట నిలిచియున్నప్పుడు ముందు అప్పు తీర్చుడు. అప్పు చేసి పెట్టిన విందు దాసోహము కాదు, అది వ్యాపారి చేసిన విందు. దసరాకు ముందు లాభాల వాటా చేతికి వచ్చిన వారమున మద్యపు దుకాణముల ముందర ఉండు గుంపును గూర్చి మేము వేరుగ చెప్పనక్కరలేదు. ఆ తల్లులే మాకు చెప్పిరి.

చివరిది, అన్నింటికంటె కష్టమైనది. ఒక తల్లి అడిగినది. “మా వారికి ఇంకను కొన్ని ఏండ్ల సర్వీసు కలదు. వారు అన్‌ఫిట్ అయినచో పిల్లవానికి ఉద్యోగము వచ్చును. ఒంట్లో పెద్ద జబ్బు లేదు. దళారి ఒకడు సొమ్ము ఇచ్చినచో అన్‌ఫిట్ చేయింతునని వచ్చినాడు. పిల్లవాడు చదివి ఖాళీగా నున్నాడు. మేము ఏమి చేయవలెను?”

ఈ ప్రశ్నను విని కోపగించుట సులభము. మేము కోపగింపలేదు. వారసత్వ ఉద్యోగముల పథకమును 2017లో హైకోర్టు కొట్టివేసినది. తండ్రి ఉద్యోగము కుమారునికి అట్లే దక్కుట సమానత్వమునకు విరుద్ధమని దాని అభిప్రాయము. అటుపిమ్మట మిగిలిన ద్వారము, మెడికల్ బోర్డు ఎదుట తండ్రి పనికి అనర్హుడని తేలినప్పుడు దొరకు కారుణ్య నియామకము. చుట్టును ఉన్నది కాంట్రాక్టు కూలి, చాలని జీతము. ఇంత యిరుకైన ద్వారముముందు ఇన్ని కుటుంబములు నిలిచియున్నప్పుడు త్రోపులాట కలుగుట వింత కాదు.

నిజముగా రోగము కలిగినవాని మాట వేరు. ఊపిరితిత్తులలో బొగ్గుధూళి పేరుకొని మెట్లు ఎక్కలేనివాడు, గుండె దెబ్బతిన్నవాడు సిగ్గుపడక బోర్డు ఎదుటికి పోవలెను. అది నియమము ఇచ్చిన హక్కు. కాని ఆరోగ్యవంతుడు రోగినని చెప్పినప్పుడు, మొదట నష్టపడునది ఆ నిజమైన రోగియే. అతని కాగితములనుగూడ ఆ దినమునుండి అనుమానముతో చూచెదరు.

అమ్మా, దీనికంటె లోతైనది మరియొకటి ఉన్నది. ఆ యాలోచన ఇంటిలోనికి వచ్చిన నాటినుండి ఇల్లు మారును. తండ్రి దగ్గినప్పుడు కుమారునికి జాలి కలుగవలెను; ఆశ కలుగును. రక్తపుపోటు పెరిగినదని డాక్టరు చెప్పినప్పుడు భార్య ముఖమున భయముండవలెను, ఉపశమనము ఉండును. ఆ తండ్రి దీనిని చూడకపోడు. మూడు షిఫ్టులు చేసి వారిని పెంచినవాడు తన ఆరోగ్యమే తన వారికి అడ్డుగా నున్నదని గ్రహించును. కాయకమన్న మాట కాయమునుండి పుట్టినది. ఇష్టలింగమునకు ఆ కాయమే పీఠము. లింగమును అరచేతిలో నుంచుకొని, ఈ శరీరము చెడిపోవు గాక యని కోరుట ఎట్టి పూజ? ఇక కుమారుని కాయకము తొలినాడే అబద్ధముతోను, దళారికిచ్చిన అప్పుతోను మొదలగును. సత్యమైన వృత్తితో జీవించి అందులోనుండి ఇతరులకు పెట్టుటను సదాచారమనిరి. ఆ పిల్లవానికి మనము దానిని మొదటి జీతమునకు ముందే దూరము చేయుదుమా?

కనుక వలదని చెప్పితిమి. చెప్పి ఊరకుండుట మాత్రము న్యాయము కాదు. వలదనుట మఠమునకు ఖర్చులేని పని. తుమకూరులోని సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యము చెందిన శివకుమార స్వామివారు దశాబ్దములపాటు వేలాది విద్యార్థులకు ఉచితముగా అన్నము, వసతి, చదువు కల్పించిరి. ఆ మఠముతో మనము పోటీపడలేము. అయినను కాలనీలో ఒక గదియు, నాలుగు బల్లలును, పోటీ పరీక్షల పుస్తకములును మన శక్తికి మించినవి కావు. గనులలోను, విద్యుత్కేంద్రములోను ఉద్యోగములు చేయుచున్న ఇంజనీర్లు మన కుటుంబములలో ఉన్నారు. వారానికి రెండు సాయంకాలములు వారు వచ్చి లెక్కలు చెప్పవచ్చును. ఐటిఐ చదివి ఖాళీగా నున్న పిల్లలు ఎంతమంది యున్నారో ఇంతవరకు మనము లెక్కింపనేలేదు. ఆ తల్లి తన కుమారుని పేరును మొదటిదిగా వ్రాయించినది. దళారికి ఏమి చెప్పినదో మేము అడుగలేదు. గదిని ఇచ్చుటకు ఒక విశ్రాంత కార్మికుడు ముందుకు వచ్చినాడు. తాళము ఎవరియొద్ద నుండవలెనో, రాత్రి షిఫ్టు పోవు పిల్లలకు ఏ వేళ తెరువవలెనో రాబోవు సత్సంగమున నిశ్చయించుకొందము.