కూలి పుచ్చుకొన్న చేయి మైలపడునా?

క్రీడలు దేహమునకే గాక శీలమునకును శిక్షణ యొసగునని కళాశాలాధిపతులు చెప్పుదురు. ఆ మాటను మేము కాదనము. కాని ఆ క్రీడలకు విధించిన నియమములు విద్యార్థికి ఎట్టి శీలమును నేర్పుచున్నవో విచారించువారు అరుదు. ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దేశమున జరిగిన వృత్తాంత మొకటి ఈ విచారణకు మిక్కిలి తగియున్నది.

పెన్సిల్వేనియా రాష్ట్రమందలి కార్లైల్ పట్టణమున 1879లో ఆదివాసుల బిడ్డలకై యొక వసతిపాఠశాల స్థాపింపబడెను. వారి భాషను, వేషమును, ఆచారములను మాన్పించి, వారిని తెల్లవారివలె జేయుటయే దాని యుద్దేశము. సగము దినము చదువు, సగము దినము చేతిపని; వేసవిలో పెక్కుమందిని తెల్లవారి పొలములకు కూలిపనికి పంపెడివారు. అది కళాశాల కాకున్నను, దాని ఫుట్‌బాల్ జట్టు గొప్ప కళాశాలలతో పోటీపడి, 1911లో హార్వర్డు జట్టును 18–15గా ఓడించెను. ఆ జట్టులో ముఖ్యుడు జిమ్ థోర్ప్. ఇతడు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్ క్రీడలలో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ అను రెండు పోటీలందును స్వర్ణపతకములు గెలిచెను.

1913 జనవరిలో ఒక సంగతి బయల్పడెను. థోర్ప్ 1909, 1910 వేసవులలో ఉత్తర కరొలైనా రాష్ట్రమున కొద్దిపాటి కూలికి బేస్‌బాల్ ఆడియుండెను. ధనమునకై ఆడినవాడు అమెచ్యూరు కాడని తీర్పు చెప్పి, పతకములను లాగుకొనిరి. ఆక్షేపణమును క్రీడలు ముగిసిన ముప్పది దినములలో తెలుపవలెననునది ఆ క్రీడల నిబంధనయే. దాదాపు ఆరుమాసములు గడచిన పిమ్మట వచ్చిన ఆక్షేపణము మాత్రము చెల్లెను!

ఇందు మరియొక సంగతి గమనింపదగినది. ఆ దినములలో కళాశాల విద్యార్థు లనేకులు మారుపేర్లతో వేసవి ఆటలాడి సొమ్ము పుచ్చుకొనెడివారు. థోర్ప్ తన పేరుతోనే ఆడెను. దాచినవాడు శుద్ధుడుగ నిలిచెను, దాచనివాడు పతితుడయ్యెను. సత్యమును దండించి కపటమును కాపాడు నియమము యువకులకు నేర్పు శీలమేమి?

ఈ నియమమునకు మూలమెచ్చట? ఇంగ్లండునందలి హెన్లీ పడవపందెముల కార్యనిర్వాహకులు 1879లో చేసిన నిర్ణయమున, కూలికి పనిచేయు చేతిపనివాడును, శ్రామికుడును అమెచ్యూరు కాజాలడని స్పష్టముగ నుండెను. ఆ మాట 1937 వరకు తొలగలేదు. చదువరులారా, చేతితో పనిచేసి బ్రదుకువానిని దూరముంచి దానికి పవిత్రత యని పేరుపెట్టుట మన దేశమువారికి వింతయా? వారు దానిని క్రీడాధర్మమనిరి. మనవారు మైల యనిరి. రెంటిలోను దాగియున్నది ఒక్కటే గర్వము.

ధనము ప్రవేశించినచో క్రీడ చెడునని కొందరందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. వందకు పైగా విద్యాలయములను పరిశీలించి కార్నెగీ సంస్థవారు 1929లో ప్రకటించిన నివేదిక, ఆటగాండ్రకు రహస్యముగ సొమ్మిచ్చు దురాచారమును వెల్లడించెను. కాని దోషము కూలిలో నున్నదా, రహస్యములో నున్నదా? ప్రేక్షకుల రుసుమును విద్యాలయములు పుచ్చుకొనవచ్చును. శిక్షకుడు జీతము పుచ్చుకొనవచ్చును. ఎవని కాలు విరుగునో వాడు మాత్రము పుచ్చుకొనరాదట! ధనవంతుని కుమారునకు ఈ వ్రతము ఉపవాసము కానేకాదు. వాని యింట అన్నము సిద్ధముగనే యున్నది. బీదవానికో, అది నిజమైన పస్తు.

థోర్ప్ 1953లో మరణించెను. అతని విజయములు 1982లో మరల అంగీకరింపబడినవి. ఆ రెండు పోటీలలో అతడొక్కడే ప్రథముడని 2022లో ఒప్పుకొనిరి. అమెరికా కళాశాల క్రీడాకారులు తమ పేరుప్రతిష్ఠలవలన ఆర్జించుటకు 2021లో అనుమతి కలిగెను; 2025నుండి కళాశాలలే వారికి నేరుగ సొమ్మీయవచ్చును. న్యాయము వచ్చినది; కాని ఎవనికి జరుగవలెనో వానికి అందకుండ వచ్చినది.

కావున నియమములు చేయువారికి మేము విన్నవించున దొక్కటే. త్యాగమును విధించుటకు ముందు దాని బరువు ఎవని భుజముపై పడునో చూడుడు. విధించినవానికి బరువు లేక, విధింపబడినవానికే బరువైనచో, అది ధర్మము కాదు. ధర్మము పేర నిలిపిన గోడ.