పొరుగూరి ప్రేక్షకుడికి రసం అందుతుందా?

తిరునాళ్లకో పెళ్లికో వేరే ఊరు వెళ్లిన మనిషి ఆ రాత్రి అక్కడ ఆడే పద్యనాటకం ముందు కూర్చుంటే, ఆ ఊరివాళ్లు పొందే అనుభవమే అతనికీ దక్కుతుందా? రసం ఎవరికి, ఎలా కలుగుతుందని అలంకారశాస్త్రం శతాబ్దాల పాటు చేసిన చర్చలో ఈ ప్రశ్నకు జవాబు ఉంది. ఇది మతానికి సంబంధించిన ప్రశ్న కూడా. నాట్యశాస్త్రం నాటకాన్ని అయిదో వేదంగా చెప్పింది. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో నాట్యాచార్యుడు దాన్ని కంటితో చేసే యజ్ఞం అంటాడు. టెంకాయ కొట్టి, హారతి పట్టి, ప్రార్థన పాడాకే తెర తీసే మన పల్లెల అలవాటు ఆ భావానికి దూరమైనదేమీ కాదు.

రసానుభవానికి మూలం సాధారణీకరణం అన్నాడు భట్టనాయకుడు. రంగం మీది దుఃఖం నటుడిదిగా గాని, చూసేవాడిదిగా గాని మిగలకుండా అందరిదీ కావడమే అది. కాశ్మీరానికి చెందిన అభినవగుప్తుడు దీన్ని స్వీకరించి, రసానికి ఏడు విఘ్నాలను చెప్పాడు. ఫలానా చోట, ఫలానా కాలంలో, ఫలానావాడికి జరుగుతున్నదన్న పట్టు వాటిలో ఒకటి. తన సొంత సుఖదుఃఖాల్లో మునిగి ఉండటం మరొకటి.

మొదటి విఘ్నం పరదేశి కంటే ఊరివాడికే ఎక్కువ. పులివెందుల ప్రాంతంలోని లింగాల లాంటి పల్లెలో హరిశ్చంద్రుడి వేషం కట్టినవాడు పొద్దున చీనీతోటలో కనబడ్డ మనిషే కావచ్చు. అతని అప్పులూ తగాదాలూ చూసేవాళ్లకు తెలుసు. కిరీటం, రంగు, హార్మోనియం శ్రుతి కలిసి ఆ పరిచయాన్ని కప్పేయాలి. కొత్తవాడికి ఆ బరువు లేదు. అతనికి మొదటి నుంచీ కనబడేది హరిశ్చంద్రుడే.

పద్యనాటకం ఈ సిద్ధాంతాన్ని ఇంకా గట్టిగా పరీక్షిస్తుంది. ఒకే రాత్రి హరిశ్చంద్రుడి పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకుంటారు. కొలువులో ఒకరు, కాటిసీనులో మరొకరు. కృష్ణుడి పాత్రదీ అదే తీరు. మనిషి మారినా, గొంతు మారినా ప్రేక్షకుడి దుఃఖం తెగదు. అతను ఏడ్చేది నటుడి కోసం కాదని ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

అయితే కొత్తవాడికీ ఒక లోటుంది. రసం పుట్టాలంటే లోపల వాసన, అంటే ముందే మనసులో నిలిచిన సంస్కారం, ఉండాలంటాడు అభినవగుప్తుడు. కథ, పద్యం తెలిసిన తెలుగువాడికి ఊరు కొత్తదైనా అది ఉంటుంది. చిక్కు వచ్చేది సంప్రదాయం దగ్గర. కొడుకు శవం ముందు రాజు పద్యం ఎత్తుకుని సాగదీసి రాగం తీస్తాడు. జనం ‘వన్స్ మోర్’ అంటారు, అతను మళ్లీ పాడతాడు. సినిమాకు అలవాటుపడ్డ పట్నంవాసికి ఇది రసభంగంలా తోస్తుంది. కానీ నాట్యశాస్త్రం లోకధర్మిని, నాట్యధర్మిని వేరుచేసి చూపింది. లోకంలో శోకించేవాడు రాగం తీయడు, రంగం మీద తీస్తాడు. ఈ విషయంలో న్యాయం పల్లె ప్రేక్షకుడి వైపే ఉంది. అతను పద్యాన్ని మళ్లీ అడిగేది శోకాన్ని మరిచి కాదు, దానిలో ఇంకాసేపు నిలవడానికే.

ఊరికీ నాటకానికీ ఉన్న బంధం గురించి ఇదే ప్రాంతం ఒక చారిత్రక ఉదాహరణ ఇచ్చింది. లింగాలలాగే పులివెందుల నియోజకవర్గంలో ఉన్న చక్రాయపేట మండలంలోని సురభి గ్రామంలో, 1885లో ఒక పెళ్లి సందర్భంగా ‘కీచక వధ’ ఆడారు. ఆడినవాళ్లు మహారాష్ట్ర మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబీకులు. వాళ్లలో వనారస గోవిందరావు తరువాత నాటక సమాజాన్ని నిలబెట్టి పెంచాడు. ఆ కుటుంబాలు ఊరూరా డేరాలు వేసుకుని నాటకాలాడాయి. అంటే తెలుగువాళ్లు తమదని చెప్పుకునే సురభి నాటకం మొదలైన రాత్రి, రంగం మీద ఉన్నవాళ్ల మూలాలే వేరే నేలవి. ఆ ఊరు వాళ్లను ఆదరించింది, వాళ్లు ఊరి పేరునే తమ సమాజానికి పెట్టుకున్నారు.

కాబట్టి పొరుగూరి ప్రేక్షకుడికి రసం పూర్తిగా అందుతుంది. అందకుండా పోయేది కాటిసీను రాకముందే లేచి వెళ్లిపోయినవాడికే.