గాఢమైన బీరు: దాని ఆకర్షణము

మద్యపానమును గూర్చి ఉపన్యసించు మావంటివారము సామాన్యముగా దాని దుష్ఫలితములనే వర్ణింతుము గాని, బుద్ధిమంతులను సైత మది యేల ఆకర్షించునో విచారింపము. ప్రతివాదిమాట వినకయే తీర్పు కోరుట న్యాయవాదవృత్తి నవలంబించిన మాకుఁ దగదు. కావున నేఁ డాపక్షమునే ముందుగా వినిపింతుము.

బెల్జియము దేశమున ట్రాపిస్టు సన్న్యాసుల మఠములు కొన్ని కలవు. వెస్ట్‌మాలె మఠమున 1836 నుండియు, షిమే మఠమున 1862 నుండియు బీరు చేయుచున్నారు. సాధారణపు బీరునందు మద్యసారము నూటికి సుమారు 5 పాళ్లుండఁగా, వెస్ట్‌మాలెవారి ట్రిపెల్ నందు 9.5 పాళ్లును, వెస్ట్‌వ్లెటెరెన్ మఠమువారి నల్లని బీరునందు 10.2 పాళ్లును గలవు.

బార్లీధాన్యమును నానఁబెట్టి, మొలకెత్తించి, యెండించి, వేడినీట నూరించి తీసిన తియ్యని రసమే బీరునకు మూలము. రసమెంత తియ్యనిదో బీరంత గాఢము. కాని యిచ్చట నొక చిక్కు గలదు. చక్కెరను మద్యసారముగా మార్చు ఈస్టు, తాను పుట్టించిన మద్యసారముచేతనే క్రమముగా నీరసించును! దానిచేఁ దుదివఱకుఁ బనిచేయించుట, సీసాలలోఁ బోసిన పిమ్మట మరల పులియనిచ్చుట, వారములకొలఁది వేచియుండుట ఓర్పుగలవారికే సాధ్యము. అట్టి బీరునం దెండుద్రాక్షయు, అత్తిపండును, మాడిన చక్కెరయు స్ఫురించుననియు, దానిని మెల్లమెల్లగాఁ జప్పరింపవలయుననియు రసజ్ఞులు చెప్పుదురు. మేము రుచి చూచినవారము కాము; చూచినవారి మాట చెప్పుచున్నాము. చేతిపనియం దభిమానము గలవాని కిది మోహము గొల్పుటలో వింత లేదు.

అయితే ఆ సన్న్యాసులు తమ భోజనపంక్తికై వేఱొక పలుచని బీరు చేసికొనిరి. వెస్ట్‌మాలెలోను షిమేలోను దాని బలము 4.8 పాళ్లే. గాఢమైనది లోకమునకు, పలుచనిది తమకు! దీనిని కపటమని కొందఱందురు, మేమట్లనఁజాలము. స్వహస్తములతోఁ బాటుపడి జీవింపవలయుననియు, పానమున మితము పాటింపవలయుననియు వారి బెనెడిక్టు నియమము విధించుచున్నది. తమ మితమును వారు కొలుచుకొనిరి. కొనువాని మితము నెవరు కొలుతురు?

శాసన మా పని చేయఁబోయెను. 1919లో వాండర్‌వెల్డె శాసనము పానశాలలలో జిన్ను మొదలగు సారాయముల విక్రయమును నిషేధించి, బీరును మాత్రము విడిచిపెట్టెను. దాహమాఱనివారు గాఢమైన బీరు నడిగిరి. చేయువారు చేసి యిచ్చిరి. ట్రిపెల్ 1934లో వెలువడినది. తలుపొకటి మూసి కిటికీ తెఱచియుంచిన యీ శాసనము 1980వ దశకము వఱకు అమలునం దుండెను.

మన దేశమునను అమ్ముడగు బీరులో నధికభాగము గాఢమైనదే. కాని యిచ్చట అత్తిపండు ప్రసంగము లేదు. భరణపు వ్యాజ్యెమొకదానిలో మా కక్షిదారుఁడగు కూలివానిని, గాఢమైనదానినే యేల కొందువని యొకనాఁ డడిగితిమి. "తేలికదానికీ కొంచె మెచ్చుతక్కువగా అదే వెల గదయ్యా, దానితో నిద్ర రాదు" అనెను. పగలెల్ల బస్తాలు మోసిన భుజము లతనివి. గది వెలుపల బెంచీమీఁద అతని భార్య బిడ్డ నొడిలోఁ బెట్టుకొని కూర్చుండి యుండెను. అతనికిఁ జెప్పఁదగిన ప్రత్యుత్తర మా దినమున మాకుఁ దోఁచలేదు.