చెయ్యి చేసిన పని ఎవరిది?

కుడిచేతి వాటం ఉన్న సైనికుడికి తూటాల మ్యాగజైన్లు ఎడమవైపు ఉండాలి. కుడిచెయ్యి తుపాకీ పిడిని వదలదు. ఖాళీ అయిన మ్యాగజైన్‌ను ఊడదీసి నిండుదాన్ని తొడగాల్సింది ఎడమచెయ్యే. ఆ చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళాలి, పౌచ్‌కు మూత ఉంటే ఎత్తాలి, మ్యాగజైన్‌ను లాగాలి, తుపాకీ అడుగున ఉన్న గాడిలోకి టక్కున తోయాలి. ఇదంతా చీకట్లోనో పరుగులోనో, చెమటకు తడిసిన గ్లవుజులతో, చూపు ఎదుటి నుంచి తిప్పకుండా జరిగిపోవాలి. అందుకే వెస్ట్ మీద మ్యాగజైన్లన్నిటినీ ఒకే తీరున పెడతారు. నోళ్ళు కిందికి ఉంటాయి, తూటాల మొనలన్నీ ఒకే దిక్కుకు చూస్తుంటాయి. నోరు కిందికి ఉంటే ఇసుక, వాననీరు లోపలికి పోవు. మొనలు ఒకే దిక్కుకు ఉంటే, ఏ పౌచ్‌లోంచి తీసినా మ్యాగజైన్ చేతికి ఒకేలా అందుతుంది. మణికట్టు తిప్పి సరిచూసుకునే పని ఉండదు.

ఎవరికి నచ్చినట్టు వాళ్ళు పౌచ్‌లు అమర్చుకునే వెసులుబాటు 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చిన మోలీ పద్ధతితో బాగా పెరిగింది. వెస్ట్ నిండా అంగుళం వెడల్పు నాడాలు అంగుళం ఎడంతో వరసలుగా ఉంటాయి. ఒకటిన్నర అంగుళానికొక కుట్టు పడుతుంది. పౌచ్ వెనకున్న పట్టీని ఆ సందుల్లోంచి పైకీ కిందికీ అల్లితే అది అక్కడే బిగుసుకుంటుంది. నచ్చకపోతే విప్పి రెండు వరసలు పక్కకు జరుపుకోవచ్చు. అంతకుముందు, 1973లో వచ్చిన ఆలిస్ పద్ధతిలో పౌచ్‌లు నడుము బెల్టుకు వేలాడేవి. వియత్నాం యుద్ధంలో ఉత్తరాది సైనికులూ గెరిల్లాలూ చైనా తయారీ గుడ్డ సంచిలో మూడు వంకర ఏకే మ్యాగజైన్లను గుండెకు అడ్డంగా కట్టుకుని తిరిగారు. చవకైన ఆ సంచి నమూనాయే తర్వాత చాలా దేశాల సైన్యాలు వాడిన ఛాతీ పట్టీలకు మూలం.

ఏది ఎంచుకున్నా ఇంకొకటి వదులుకోక తప్పదు. మూత ఉన్న పౌచ్‌లో మ్యాగజైన్ భద్రంగా ఉంటుంది, కానీ తీయడం ఆలస్యం. పైగా వెల్‌క్రో మూత రాత్రిపూట చేసే చప్పుడు చాలాదూరం వినిపిస్తుంది. మూత లేకుండా ఎలాస్టిక్ పట్టుతో ఉండే పౌచ్‌లోంచి మ్యాగజైన్ ఇట్టే వస్తుంది. కానీ ముళ్ళపొదల్లో పాకుతున్నప్పుడు దానంతటదే జారిపోనూవచ్చు. అమెరికా పదాతి సైనికుడు మామూలుగా మోసేది ముప్ఫై తూటాల మ్యాగజైన్లు ఏడు, అంటే 210 తూటాలు. అన్నిటినీ ఛాతీ మీద రెండు పొరలుగా పేరిస్తే బోర్లా పడుకున్నప్పుడు ఒళ్ళు నేలకు ఆనదు, తల ఆ మేరకు పైకి లేస్తుంది. శత్రువుకు కావలసిందీ అదే. మరీ పక్కకు జరిపితే మోచెయ్యి తగులుతుంది. నడుముకు పెడితే వాహనంలో కూర్చున్నప్పుడు అందవు. అనుభవజ్ఞులు చాలామంది మధ్యేమార్గం ఎంచుకుంటారు. మొదట అందుకోవలసిన ఒకటి రెండు మ్యాగజైన్లు మూతలేని పౌచ్‌ల్లో, మిగిలినవి మూత ఉన్నవాటిలో. కాల్పులు సద్దుమణిగిన క్షణంలో వెనకవాటిని తీసి ముందుకు నింపుకుంటారు.

ఇలా ఒకసారి కుదిరిన అమరికను మళ్ళీ మార్చకూడదని శిక్షకులు పట్టుబడతారు. చోటు మారితే చెయ్యి పాతచోటే వెతుకుతుంది. అదే చోటు నుంచి, అదే కదలికతో, వందల వేల సార్లు సాధన చేయిస్తారు. చివరికి తూటాలు అయిపోయాయన్న స్పృహ పూర్తిగా కలిగేలోపే కొత్త మ్యాగజైన్ తుపాకీలోకి వెళ్ళి కూర్చుంటుంది. శిక్షణ మొత్తం లక్ష్యం ఆలోచనను మధ్యలోంచి తప్పించడమే.

ఆలోచనను తప్పించాక జరిగిన పని ఎవరిది? మత చింతన ఈ ప్రశ్నను చాలాకాలంగా మోస్తోంది. తుపాకులకన్నా ఎంతో ముందు నుంచీ.

భారతం ఆదిపర్వంలో ద్రోణుడు వంటవాణ్ణి పిలిచి, అర్జునుడికి చీకట్లో ఎప్పుడూ అన్నం పెట్టొద్దని చెబుతాడు. కారణం చెప్పడు. ఒక రాత్రి అర్జునుడు భోంచేస్తుండగా గాలికి దీపం ఆరిపోయింది. అయినా చెయ్యి తిన్నగా నోటికే పోయింది. అలవాటు మహిమ ఇదన్నమాట అని గ్రహించిన అర్జునుడు ఆ రాత్రి నుంచే చీకట్లో విలువిద్య సాధన మొదలుపెట్టాడు. అల్లెతాటి మోత విని ద్రోణుడు లేచొచ్చి, శిష్యుణ్ణి కౌగిలించుకుని, లోకంలో నీకు సాటి లేకుండా చేస్తానని మాట ఇచ్చాడు. ద్రోణుడు ముందెందుకు వద్దన్నాడో తెలుగువాళ్ళు తరతరాలుగా తర్కించుకుంటూనే ఉన్నారు. కొడుకు మీద మమకారమని ఒకరంటారు, పరీక్ష అని ఇంకొకరంటారు. కారణం ఏదైనా, చీకట్లో దారి కనిపెట్టే చెయ్యి ఎంత దూరం పోగలదో ఆ గురువుకు తెలిసినట్టే ఉంది.

ఇరవయ్యో శతాబ్దపు సైన్యాలు ఇదే విద్యను పెద్దఎత్తున అమలు చేశాయి. అమెరికా సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1947లో ఒక పుస్తకం రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో పోరు మధ్య ఉన్న పదాతి సైనికుల్లో నూటికి పాతిక మందికి మించి శత్రువు మీద కాల్పులు జరపలేదన్నాడు. ఆ లెక్కకు గట్టి ఆధారాలు లేవని తర్వాతి చరిత్రకారులు ఎండగట్టారు. అయితే ఈలోగా 1950ల్లోనే అమెరికా సైన్యం శిక్షణ తీరు మారింది. గుండ్రటి గురి బోర్డులు పోయి, మనిషి ఆకారంలో ఉండి హఠాత్తుగా పైకి లేచే బొమ్మలు వచ్చాయి. బొమ్మ లేవగానే కాల్చాలి, తగిలితే అది పడిపోతుంది. ఎందుకు కాల్చాలన్న ప్రశ్నకు ఆ కొద్ది సెకన్లలో చోటు లేదు.

జపాన్‌లో ఈ స్థితికి ఏకంగా ఆధ్యాత్మిక గౌరవమే దక్కింది. పదిహేడో శతాబ్దపు జెన్ గురువు తకువాన్, ఖడ్గవిద్యలో దిట్ట అయిన యాగ్యు మునెనోరికి రాసిన లేఖలో, మనసు ఎక్కడా ఆగకూడదని బోధించాడు. ఎదుటివాడి కత్తి మీద ఆగితే అక్కడ చిక్కుకుంటుంది, సొంత కత్తి మీద ఆగినా అంతే. లోతైన మాటే. కానీ ఇరవయ్యో శతాబ్దంలో డి.టి. సుజుకి దీన్ని ఇంకా ముందుకు లాగాడు. సిద్ధి పొందిన వీరుడి చేతిలో చంపే పని కత్తిదే, అతనికి ఎవరికీ హాని చేయాలని ఉండదు అన్న ధోరణిలో రాశాడు. ఇలాంటి మాటలు జపాన్ సైనికవాదానికి ఎంత బాగా పనికొచ్చాయో బ్రయన్ విక్టోరియా 1997లో వచ్చిన ‘జెన్ ఎట్ వార్’లో చూపించాడు. విక్టోరియా స్వయంగా జెన్ భిక్షువు కాబట్టి దీన్ని బయటివాళ్ళ నిందగా కొట్టిపారేయడానికి వీల్లేదు.

గీతను కూడా ఇలా వాడుకున్నవాళ్ళు లేకపోలేదు. కర్మలన్నీ ప్రకృతి గుణాలే చేస్తున్నాయి, అహంకారం లేనివాడు చంపినా చంపినవాడు కాడు అన్న భావాలు అందులో ఉన్నాయి మరి. ఆ రెండిటినీ ఏరుకుని మిగతాది వదిలేస్తే చేతికి మంచి వకీలు దొరికినట్టే. కానీ ఆ సంభాషణ ఎక్కడ, ఎప్పుడు జరిగిందో చూడాలి. చీకట్లో గురి తప్పని చేతిలోంచి గాండీవం జారిపోయాక, మొదటి బాణం ఇంకా పడకముందు, రథాన్ని రెండు సేనల మధ్య నిలిపి జరిగింది. చివర్లో కృష్ణుడు, ఇదంతా పూర్తిగా విచారించి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అంటాడు. ఆలోచన వద్దనలేదు. ఆలోచన ముందు, బాణం తర్వాత.

బౌద్ధుల మజ్ఝిమ నికాయంలో ఈ గొడవ ఇంకా సూటిగా ఉంది. నాలందాలో ఉపాలి అనే గృహస్థు, జైన గురువు నాతపుత్రుడి శిష్యుడు, బుద్ధుడితో వాదానికి దిగుతాడు. కాయం చేసిన పాపమే అన్నిటికన్నా పెద్దదని అతని పక్షం. మనసు చేసిందే పెద్దదని బుద్ధుడి పక్షం. నీళ్ళు కూడా ఆచితూచి వాడే జైన సన్యాసి అటూ ఇటూ నడిచేటప్పుడు చిన్న ప్రాణులెన్నో చస్తాయి కదా, దాని ఫలితం ఏమిటని బుద్ధుడు అడుగుతాడు. సంకల్పం లేదు కాబట్టి అది పెద్ద దోషం కాదని ఉపాలి ఒప్పుకోవలసి వస్తుంది. కథ చెప్పింది బౌద్ధులు కాబట్టి గెలుపు బుద్ధుడిదే అనుకోండి. జైనుల వైపు నుంచి చెప్పుంటే ఉపాలి అంత తేలిగ్గా లొంగేవాడు కాడేమో.

చేతన లేనిదే కర్మ లేదంటే, సాధన చేసిన చెయ్యి తప్పించుకున్నట్టేనా? అలా అనిపిస్తుంది గానీ కాదు. సంకల్పం మాయం కాలేదు, ముందుకు జరిగింది. మ్యాగజైన్‌ను ఎడమ పక్క రెండో వరసలో పెట్టాలని నిర్ణయించిన సాయంత్రం, ఫలానా ఆకారం లేస్తే కాల్చాలని చేతికి నేర్పిన ఆరు వారాలు, వీటన్నిటిలోనూ మనిషి పూర్తి మెలకువతోనే ఉన్నాడు. అరిస్టాటిల్ ఈ దారిలోనే నడిచాడు. తాగిన మత్తులో తప్పు చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాన్ని సమర్థిస్తూ, తాగకుండా ఉండటం అతని వశంలోనే ఉంది కదా అన్నాడు. విసిరిన రాయిని వెనక్కి పిలవలేకపోవచ్చు, విసరడం మాత్రం మన వశమే అన్నాడు. స్వభావాలూ అలవాట్లూ కూడా అంతే.

ఇది గ్రంథాల్లో మిగిలిపోయిన వాదం కాదు. 2021 ఏప్రిల్ 11న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, బ్రూక్లిన్ సెంటర్‌లో పోలీసులు ఒక కారును ఆపారు. నడుపుతున్నది డాంటే రైట్ అనే ఇరవై ఏళ్ళ యువకుడు. అతను తప్పించుకుని కారులోకి దూరుతుంటే, ఇరవయ్యారేళ్ళ అనుభవమున్న అధికారిణి కిమ్ పాటర్ ‘టేజర్’ అని అరుస్తూ ఒక్కసారి కాల్చింది. చేతిలో ఉన్నది కరెంటు షాకిచ్చే టేజర్ కాదు, తుపాకీ. రైట్ చనిపోయాడు. ఆమె బెల్టుకు తుపాకీ కుడివైపు, టేజర్ ఎడమవైపు ఉన్నాయి. ఒకటి నల్లది, రెండోది చాలావరకు పసుపు. పొరపాటు జరగకూడదనే అలా వేర్వేరు వైపుల పెడతారు. అయినా నోరు ఒకటి పలికింది, చెయ్యి ఇంకోటి తీసింది. పోలీసు శిక్షణలో ఎక్కువసార్లు అరగదీసిన కదలిక తుపాకీదే కాబట్టి, ఒత్తిడిలో చెయ్యి ఆ దారే పట్టిందని డిఫెన్స్ తరఫు నిపుణుడు వివరించాడు.

ఇక్కడ అందరూ గమనించాల్సింది ఒకటుంది. చంపాలన్న ఉద్దేశం ఆమెకు ఉందని ప్రాసిక్యూషన్ కూడా అనలేదు, పొరపాటేనని ఒప్పుకుంది. అయినా 2021 డిసెంబరులో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. ఇలాంటిది జరగొచ్చని ఎవరికీ తెలియని విషయం కాదిది. 2009 జనవరి 1న ఓక్లాండ్‌లో, రైల్వే ప్లాట్‌ఫాం మీద బోర్లా పడేసిన ఆస్కార్ గ్రాంట్‌ను కాల్చిన అధికారి కూడా టేజర్ అనుకున్నానన్నాడు, అతనికీ శిక్ష పడింది. పన్నెండేళ్ళుగా తెలిసిన ప్రమాదం. పాటర్ తీర్పును కఠినమనేవాళ్ళున్నారు. కానీ ‘చెయ్యి చేసింది, నేను కాదు’ అన్న వాదాన్ని ఒప్పుకుంటే, చేతికి నేర్పే పనికి ఎవరూ జవాబుదారీ కాకుండా పోతారు. ఆ లెక్కన తీర్పు సరైనదే. లోటేమిటంటే ఆ బోనులో ఆమె ఒక్కతే నిలబడింది. చేతికి ఏది ఎన్నిసార్లు నేర్పాలో నిర్ణయించినవాళ్ళు అక్కడ లేరు.

భారతం మాత్రం గురువును కూడా లెక్కలోంచి వదల్లేదు. సౌప్తిక పర్వం చివర అశ్వత్థామ, అర్జునుడు ఒకరి మీదికొకరు బ్రహ్మశిరోనామకాస్త్రం వదులుతారు. వ్యాసుడూ నారదుడూ అడ్డునిలిచి, వెనక్కి తీసుకోమంటారు. అర్జునుడు ఉపసంహరించాడు. అశ్వత్థామ ప్రయత్నించాడు గానీ అతని వల్ల కాలేదు, ఆ మాట తనే ఒప్పుకున్నాడు. కొడుకు చపలత్వం తెలిసిన ద్రోణుడు, ఆ అస్త్రాన్ని మనస్ఫూర్తిగా ఇవ్వలేదనీ, ఎంత ఆపదలోనూ మనుషుల మీద వేయొద్దని చెప్పి ఇచ్చాడనీ అక్కడే ఉంది. హెచ్చరిక చేశాడు, విద్యా ఇచ్చాడు. ఆపడానికి కావలసిన నిగ్రహం కొడుకులో లేదు. వెనక్కి రాని ఆ అస్త్రం చివరికి ఉత్తర గర్భంలోని శిశువు మీదికి పోయింది.

ఈ రోజుల్లో మంచి శిక్షకులకు ఈ సంగతి తెలుసు. రీలోడ్ చేసేటప్పుడు వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదని మొదటి రోజే చెబుతారు. లేచే బొమ్మల్లో కొన్నిటి చేతుల్లో తుపాకీ ఉంటుంది, కొన్నిటి చేతుల్లో ఫోను. ఫోను బొమ్మను కాల్చినవాడు తప్పినట్టే. కానీ గడియారం పెట్టి కొలిచేదీ, పోటీల్లో బహుమతి వచ్చేదీ ఎక్కువగా రీలోడ్ వేగానికే. మ్యాగజైన్ ఏ నాడా మీద ఉంటే అరసెకను కలిసొస్తుందో కొలిచే శిక్షకుడు, అదే కాగితం మీద ఇంకో గడి గీసి, ఎన్నిసార్లు కాల్చకుండా ఆగగలిగారో కూడా రాయించాలి. వెస్ట్ తొడిగి బయటికి పంపే ముందు ఆ రెండో గడి మార్కులు చూసి సంతకం పెట్టాలి.